ఇవ్వలేని రొట్టె

రొట్టెలు నా చేత్తోనే చెయ్యాలంట. తెల్లారీ తెల్లారకముందే మా అత్త జమాల్‌బీ పిండి పళ్లెం నా ముందర పెట్టి, తను గోడకి ఆనుకోని కాళ్లు చాపి, ఆ కాళ్ల మీద నా కొడుకు అర్మాన్‌ని పండుకోబెట్టుకోని ఊపతా కూర్చుంది.

“పలచగా ఒత్తమ్మే. పోయినేడు రొట్టె పట్టింది నువ్వు, తిన్నది నువ్వు, బిడ్డ పుట్టింది నీకు. నేను చేస్తే చెల్లదు.”

“చేస్తానే ఉండాను గదత్తా.”

“చేస్తా ఉండావు. ఆ మొహం చూస్తే రొట్టెకే దిగులు పట్టుకునేటట్టుండాది.”

ఆమె ఎగతాళికే అనింది. నాకు మాత్రం చేతిలో కర్ర ఆగిపోయింది. నేను భయపడతా ఉండేది సరిగ్గా దానికే.

మా నెల్లూరు పక్క రొట్టెల పండగ తెలవనివాళ్లు ఉండరు. మొహర్రం నెలలో బారాషహీద్ దర్గా పక్కన చెరువులో జనం మోకాళ్ల లోతుకి దిగతారు. కోరిక ఉండేవాళ్లు ఆ కోరిక పేరు చెప్పి రొట్టె పడతారు. తీరినవాళ్లు మరుసటేడు వచ్చి అదే రొట్టె ఇంకొకరికి ఇయ్యాల. చదువు రొట్టె, ఉద్యోగం రొట్టె, ఇంటి రొట్టె, దేనికదే. మావాళ్లని లేదు, హిందువులని లేదు, చర్చికి పోయేవాళ్లని లేదు, అందరూ దిగతారు. పోయినేడు నేను సంతాన రొట్టె పట్టినాను. అప్పటికే నాకు రెండు సార్లు కడుపు పోయుండింది. రొట్టె తిన్నాక మూడోసారి నిలిచింది. అర్మాన్‌కి ఇప్పుడు మూడో నెల.

కాబట్టి నేను సంతోషంగా ఉండాల.

ఉండాలనే చూసినాను. పురిట్లో రక్తం జాస్తి పోయింది, అందుకే నీరసం అనుకున్నాను. మా అమ్మ నేను ఇంటర్లో ఉండంగానే చనిపోయింది, నా చదువు ఆగిపోయింది కూడా అప్పుడే. పుట్టింట్లో పురుడు పోసేవాళ్లు లేక ముత్తుకూరులో అత్తగారింట్లోనే పోసినారు, అందుకే బెంగ అనుకున్నాను. నలభై రోజుల స్నానం అయ్యేదాకా ఇల్లు నిండా ఆడోళ్లు, పాటలు, సాంబ్రాణి పొగ. ఆ తర్వాత ఎవురి పనులకి వాళ్లు పోయినారు. ముందు గదిలో మా మామ దరియావలి దూది ఏకే మిషను మళ్లీ తిరగడం మొదలుపెట్టింది. మాది పరుపులూ దిండ్లూ కుట్టే ఇల్లు. ఆ దూది నుసి బిడ్డ ముక్కులోకి పోతుందేమోనని తలుపు మూస్తాను. మూస్తే గాలి ఆడదేమోనని తీస్తాను. తీసి మూసి, తీసి మూసి, రోజంతా నాకు అదే పని.

బిడ్డ నిద్రపోతే నేను నిద్రపోను. ఊపిరి ఆడతా ఉందా లేదా అని ముక్కు దగ్గర వేలు పెడతాను. రోడ్డు మీద థర్మల్ కరెంటు ప్లాంటు బూడిద లారీలు పోతే మంచం అదురుతుంది. అదిరేది మంచమో నా గుండో తెలిసేది కాదు. అన్నం నోట్లో పెట్టుకుంటే మట్టి మాదిరి ఉంటుంది. ఇవన్నీ ఎట్టనో ఓర్చుకునేదాన్ని. ఒకరోజు వాడికి నీళ్లు పోయడానికి తొట్టి దగ్గర కూర్చున్నప్పుడు, ఉన్నట్టుండి నా తలకాయలో ఒక మాట లేచింది. వీణ్ని నేను వదిలేస్తేనో? అంతే, అంత మాటే. వాణ్ని పట్టుకోని ఇంట్లోకి పరిగెత్తినాను, సబ్బు నురగ కూడా కడగలేదు. ఆరోజు నించి మణికట్టు నొప్పని అబద్ధం చెప్పినాను. అప్పట్నించి స్నానం మా అత్తే పోస్తా ఉండింది. పాపం, నా చేతికి ఆవనూనె రాసి గుడ్డ కూడా కట్టింది.

ఫోనులో అడిగి చూసినాను, నోటితోనే. “బిడ్డంటే ఎందుకు భయం వేస్తుంది” అంటే వీడియోలో ఒకాయన వచ్చి జాతకంలో శని ఉండాడన్నాడు. ఇంకొకావిడ మెంతుల కషాయం తాగమనింది.

ఒక్కసారి మాత్రం మా అత్తతో అన్నాను, ఊరకే ఏడుపొస్తా ఉండాదని. ఆమె బెదిరిపోయి నా నోటికి చెయ్యి అడ్డం పెట్టింది.

“గట్టిగా అనబాకు. అడిగి తెచ్చుకున్న బిడ్డ. ఇచ్చినోళ్లు వింటే ఏమనుకుంటారు? ఇచ్చిన చేత్తోనే తీసేసుకుంటారు.”

ఆమె నన్ను తిట్టలేదు. నిజంగానే భయపడింది. ఆ భయం నాకూ అంటుకుంది. ఆ తర్వాత ఏడుపు వస్తే కొళాయి తిప్పి ఏడ్చేదాన్ని.

ఇప్పుడు ఆ రొట్టె ఇంకొక ఆడదానికి ఇయ్యాల. నా దగ్గర ఉండేదే గదా దాంట్లోకి పోయేది?

“ఇంకొకటి గుర్తు పెట్టుకో” అనింది మా అత్త, రొట్టెలు గుడ్డలో చుడతా. “బిడ్డని ఎత్తుకోని నువ్వే నీళ్లల్లోకి దిగాల. నేను మొక్కుకోనుండా.”

“చెయ్యి నొప్పి గదత్తా.”

“కాసేపు ఎత్తుకుంటే ఊడిపోతదా ఆ చెయ్యి? కన్నతల్లివా, కరెంటాఫీసు మనిషివా, ఎప్పుడు అడిగినా సాకు చెప్పేదానికి!”

నెల్లూరు బస్సులో కూర్చునేదానికి సీట్లు లేవు. మా ఆయన జాకీర్ కృష్ణపట్నం పోర్టులో కంపెనీ బస్సు నడుపుతాడు. పండక్కని డ్యూటీ మార్చుకోని వచ్చినాడు, కళ్లు ఎర్రగా ఉండాయి. అయినా ఇంకొకరు నడిపే బస్సు ఎక్కితే ఊరుకోలేడు.

“బ్రేకు అట్టా తొక్కితే ఎట్టన్నా? లోపల ఉండేది మనుషులు.”

“నువ్వు నడుపుతావా వచ్చి?” అన్నాడు డ్రైవరు.

“వద్దులే, మావాళ్లు భయపడతారు” అని నా వైపు తిరిగి కన్ను కొట్టినాడు. నేను నవ్వలేదు. మా అత్త ఒడిలో అర్మాన్ తల బస్సు కుదుపుకి ఊగతా ఉంటే దాన్నే చూస్తా ఉండాను. కిటికీలోంచి దూకి వెనక్కి పరిగెత్తాలనిపించింది. వెనక్కంటే యాడికో నాకే తెలవదు.

చెరువు దగ్గర మైకులు మోగిపోతా ఉండాయి. తప్పిపోయిన పిల్లల పేర్లు చదువుతా ఉండారు. ఒక్కో కోరికకి ఒక్కో బోర్డు, పోలీసోళ్ల తాళ్లు, తడి చీరలు, బురద, అత్తరు వాసన. సంతాన రొట్టె బోర్డు దగ్గర ఆడోళ్లు ఒకరి మీద ఒకరు పడతా ఉండారు. మా అత్త మెట్టు మీద నిలబడి కూరగాయలమ్మేదాని మాదిరి గొంతెత్తింది.

“సంతాన రొట్టె! సంతాన రొట్టే! మగబిడ్డ పుట్టినాడు, ఇదిగో సాక్ష్యం!” అని అర్మాన్‌ని పైకెత్తి చూపించింది.

నేను గుడ్డలోంచి ఒక రొట్టె తీసుకున్నాను. గబగబా నీళ్లల్లోకి దిగినాను, రొట్టె ఇచ్చేసి బిడ్డని ఎత్తుకోకుండానే పైకి వచ్చెయ్యొచ్చని. జనాన్ని తోసుకుంటా ఒకామె నా ముందరికి వచ్చింది. నాకన్నా అయిదారేళ్లు పెద్దది. మెడలో సన్న సిలువ గొలుసు, నెత్తిన తడి కొంగు. వెనకాల మొగుణ్ని మణికట్టు పట్టుకోని లాక్కొస్తా ఉంది.

“సంతాన రొట్టేనా అమ్మా? నిజంగా సంతానమేనా?” అనింది ఆయాసపడతా. “బుచ్చిరెడ్డిపాలెం నించి వచ్చినాం. ఇప్పటికి ఇద్దరు ఉద్యోగం రొట్టె అంటగట్టబోయినారు. ఈయనకి ఉద్యోగం ఉండాది, పిల్లలే లేరంటే వినరే!”

ఆ మొగుడు సిగ్గుపడి నవ్వినాడు. ఆమె రెండు చేతులూ చాపింది. నేను రొట్టె ఆ చేతుల్లో పెట్టినాను. ఆమె పట్టుకుంది. నా చెయ్యి మాత్రం రొట్టెని వదల్లేదు.

“వదులు తల్లీ” అనింది ఆమె.

“ఉండండుండండి!” అని మెట్టు మీద నించి మా అత్త కేక. “బిడ్డ లేకుండా ఇస్తే ఎట్టా? ఫరీనూ, ఇదిగో, ఎత్తుకో వీణ్ని!” నడుముదాకా వంగి అర్మాన్‌ని నా వైపు చాపింది. మధ్యలో నీళ్లు. కింద నీళ్లు. వాడు చేతులాడిస్తా ఉండాడు.

“వద్దు. నాకు ఇయ్యబాకు.”

“ఏందీ?”

“నాకు ఇయ్యబాకత్తా! నీళ్లల్లో నాకు ఇయ్యబాకు! నేను వదిలేస్తానేమో!”

మా దగ్గర ఉండే నలుగురూ నా వైపు తిరిగినారు. నా నోరు ఇంక ఆగలేదు. రొట్టె పట్టుకోనే చెప్పినాను, ఎవురికి చెప్తా ఉండానో చూసుకోకుండా. “నా చేతికి నొప్పేమీ లేదు. అబద్ధం చెప్పినాను. వాడికి నీళ్లు పోస్తా ఉంటే ఏవేవో తలపులొస్తాయి. నిద్ర పట్టదు. పొద్దున లేస్తే ఎందుకు లేచినానా అనిపిస్తది. వాడంటే ప్రాణమే, అయినా అట్నే అనిపిస్తది.” తర్వాత ఆ బుచ్చిరెడ్డిపాలెం ఆమెతో అన్నాను, “ఈ రొట్టె తీసుకోబాకక్కా. నాకు పట్టిందే నీకూ పడతాది.”

ఎవురో వెనకాల “గాలి సోకింది, పీర్ల దగ్గరికి తీసకపోండి” అన్నారు. మా అత్త మొహం పాలిపోయింది. అర్మాన్‌ని రొమ్ముకి అదుముకోని “నోరు ముయ్యి, నోరు ముయ్యవే” అంటా ఉంది. గొంతులో కోపం లేదు, వణుకే.

బుచ్చిరెడ్డిపాలెం ఆమె రొట్టెతో పాటు నా చెయ్యి కూడా పట్టుకుంది. “నీకు నిద్ర పట్టి ఎన్నాళ్లయింది?” అని అడిగింది.

“తెలవదు.”

“నాకూ అట్నే ఉండేది. పిల్లలు లేకనే అట్టా అయిందనుకునేదాన్ని. రెండేళ్ల నించి మాత్రలు మింగతా ఉండా, మనసు డాక్టరు దగ్గర. బిడ్డ పుడితే ఆ మాత్రలతో పనే ఉండదు, అదే మందు అనుకోని వచ్చినా ఈడికి.” నన్నూ, మెట్టు మీద అర్మాన్‌నీ మార్చి మార్చి చూసింది. “చూడబోతే బిడ్డ ఉండేదానికీ వస్తాదే ఇది! ఓయ్, విన్నావా?” అని మొగుణ్ని అడిగింది. “నేను ఊరికే నీ మీద నేరం మోపినా ఇన్నాళ్లూ.”

“పోనీలే కరుణా, ఇప్పటికైనా” అన్నాడాయన.

ఆమె నవ్వింది. నవ్వతానే కళ్లు తుడుచుకుంది. నా వేళ్లు ఒక్కొక్కటే తీసి రొట్టె లాక్కుంది.

“ఇయ్యి ఇటు. గోధుమపిండికి దిగులు పట్టదు. నాకు బిడ్డ కావాల, అంతే. దిగులు సంగతి వేరే చూసుకుంటా. నువ్వు మాత్రం ఇట్నే ఇంటికి పోబాకు. అదిగో ఆ గట్టు మీద డాక్టర్ల డేరా ఉండాది. నాతో చెప్పిందే ఆడా చెప్పు. సిగ్గుపడి సగం చెప్పినావంటే బీ కాంప్లెక్సు బిళ్లలిచ్చి పంపిస్తారు, నాకు అట్నే ఇచ్చినారు.”

జాకీర్ అప్పటికి నీళ్లల్లోకి దిగి నా పక్కన నిలబడుండాడు. ప్యాంటు తడిసిపోయింది. “నాకెందుకు చెప్పలేదు?” అన్నాడు.

“నువ్వెప్పుడు మేలుకోనున్నావు?”

ఆ మాట అన్నందుకు బాధపడతాడనుకున్నాను. వాడిపోయిన మొహంతో తల ఊపినాడు, అంతే. నా భుజం పట్టుకోని గట్టుకి నడిపించినాడు.

డేరాలో సొమ్మసిల్లినవాళ్లు, కాలికి గాజు గుచ్చుకున్నవాళ్లు. డాక్టరమ్మ చిన్నామె. నేను చెప్పడం మొదలుపెట్టంగానే చేతిలో పని నర్సుకి ఇచ్చేసి, నన్ను వెనక మంచం మీద కూర్చోబెట్టి తెర లాగింది. మా అత్తా లోపలికే వచ్చింది, పిలవకపోయినా. నేను సగం చెప్పలేదు. తొట్టి సంగతి కూడా చెప్పినాను.

“చచ్చిపోవాలనిపించిందా?” అని అడిగిందామె, తలనొప్పి ఉందా అని అడిగినంత మామూలుగా.

“చావాలని కాదు మేడం. లేకుండా పోతే బాగుండని.”

మా అత్త “అల్లా” అని పక్క మంచం మీద కూర్చుండిపోయింది.

“ఆ తలపు వచ్చినప్పుడు ఏం చేస్తారు?”

“బిడ్డని పండుకోబెట్టి దూరంగా పోతాను.”

“అంటే మీరు వాణ్ని కాపాడుతున్నారు. అలాంటి తలపులు చాలామంది తల్లులకి వస్తాయి. వాటికి మీరు బెదిరిపోతున్నారు, అంతేగానీ చెయ్యాలని మీకు లేదు. అయినా ఒంటరిగా మోయకూడదు.”

తర్వాత ఏవేవో అడిగింది. రక్తం ఎంత పోయింది, రాత్రి బిడ్డని ఎవరు చూస్తారు, అంతకుముందు కడుపు పోయినప్పుడు ఎట్టా ఉన్నాను అని. ఆ సంగతి నన్నెవురూ అడగలేదు. పోయిన రెండు సార్లూ మళ్లీ నిలుస్తుందిలే అన్నారు, నేను వంటింట్లోకి పోయి పని చేసుకున్నాను. డాక్టరమ్మ అడిగేసరికి ఆ రెండింటికీ కలిపి ఏడుపొచ్చింది. మీ అమ్మకి ఎప్పుడైనా ఇలా ఉండేదా అనడిగింది. మా తమ్ముడు పుట్టినాక మా అమ్మ గడప మీద కూర్చోని ఎండ పోయేదాకా లేచేది కాదు. ఊరోళ్లు సోమరి అనేవాళ్లు. నేనూ అట్నే అనుకున్నాను.

“కారణం ఒక్కటే ఉండదు” అనింది డాక్టరమ్మ. “కాన్పు తర్వాత ఒంట్లో మార్పులు, రక్తం తక్కువ, నిద్ర లేదు, పాత దుఃఖం, తల్లి లేదు. అన్నీ ఒకేసారి మీద పడ్డాయి. థైరాయిడ్ కూడా చూడాలి. ఇది జబ్బు. మీ తప్పు కాదు, ఎవరి శాపమూ కాదు. రేపే పెద్దాసుపత్రిలో మానసిక విభాగానికి వెళ్లండి. పాలిచ్చే తల్లులకి ఇచ్చే మందులు ఉన్నాయి. అప్పటిదాకా ఈమెని ఒంటరిగా ఉంచకండి.”

మా అత్తకి అప్పుడు మాట వచ్చింది. “ఒంటరిగా యాడుండాది మేడం? నేనింట్లోనే ఉండా గదా. నేనేమన్నా గోడనా?”

“గోడ కాదు గనకే చెబుతున్నా. ఈమె మీతో చెప్పినప్పుడు వినండి. నోరు మూయించకండి.”

మా అత్త కొంగుతో మొహం తుడుచుకుంది. బస్సులో అర్మాన్‌ని ఒడిలోంచి దించలేదు. జాకీర్ డ్రైవర్ని ఏమీ అనలేదు. నాకు మాత్రం గుండె దడ తగ్గలేదు. ఇప్పుడందరికీ తెలిసిపోయింది, బిడ్డని నాకు దూరం చేస్తారేమోనని ఇంకొక భయం తోడయింది.

దూరం చెయ్యలేదు. మరునాడు పెద్దాసుపత్రికి పోయినాం. మాత్రలు ఇచ్చినారు, రక్తానికి వేరే ఇచ్చినారు, గుణం కనిపించేదానికి వారాలు పడతాదని ముందే చెప్పినారు. రాత్రిపూట ఏకబిగిన నిద్ర నాకు ఇయ్యాలని రాసినారు, బీపీ మాత్ర రాసినట్టు. జాకీర్ కంపెనీకి రాత్రి డ్యూటీలు వద్దని రాసిచ్చినాడు. నేను పిండిచ్చిన పాలు ఉగ్గుగిన్నెతో తనే బిడ్డకి పట్టినాడు. మొదటిసారి సగం బిడ్డ చెవిలో పోసినాడు.

“బస్సుకి డీజిలు కూడా ఇట్నే పోస్తావేందిరా?” అనింది మా అత్త.

అయినా అంత తొందరగా మారిపోలేదు. మాత్రలు మొదలుపెట్టినాక మొదట్లో ఒళ్లంతా ఇంకా ఎక్కువ పీకేది. మానేస్తానన్నాను. మానబాకమని, సాయంత్రం పూట నడవమని, తలపు వచ్చిన వెంటనే పక్కనుండేవాళ్లతో అనేయమని ఆసుపత్రిలో చెప్పినారు. నాకు అన్నిటికన్నా కష్టమైంది ఆ చివరిదే. అనాలంటే మా అత్తతోనే అనాల. ఆమె చెరువు నించి వచ్చినాక నాతో మందుల వేళలు తప్ప మాట్లాడ్డం లేదు.

ఒక సాయంత్రం ముందు గదిలో బేరం జరగతా ఉంది. మల్లూరు నించి ఒకావిడ కూతురి కాపురానికి పరుపు చేయించుకునేదానికి వచ్చింది. మా మామ దూది నాణ్యం చూపిస్తా ఉండాడు, మా అత్త పరుపు మీద తొడిగే గలీబు గుడ్డలు పరిచింది. నేను లోపల అర్మాన్‌కి చొక్కా మారుస్తా ఉండాను. వాడు నా మొహంలోకే చూస్తా ఉండాడు. ఉన్నట్టుండి దడ మొదలైంది, దాంతోపాటే ఆ తలపు. తలుపు మూద్దామని లేచినాను. మూస్తే నేనూ వాడే మిగులుతాం. మూయలేదు. వాణ్ని ఎత్తుకోని గడపలోకి వచ్చి నిలబడినాను.

“అత్తా. వచ్చింది.”

ఆవిడ, మా మామ, ఇద్దరూ తలెత్తినారు. మా అత్త చేతిలో గుడ్డ అట్నే ఉంది. ఏమంటుందో తెలవదు. పరాయి మనిషి ముందర అన్నాను. సర్దుకోని కడుపు నొప్పి అని చెప్దామా అనుకున్నాను కూడా.

మా అత్త గుడ్డ మా మామ మీదికి విసిరేసి లేచి వచ్చింది. బిడ్డని నా చేతుల్లోంచి తీసుకోని భుజాన వేసుకుంది.

“ఏమైందమ్మే కోడలికి?” అనింది మల్లూరు ఆవిడ.

నేను నేల చూస్తా ఉండాను.

“మనసుకి బాగలేదు” అనింది మా అత్త. గొంతు తగ్గించలేదు. “కాన్పు నించీ. మందులు వాడతా ఉండాం. నువ్వు చూడాల్సింది పరుపు గుడ్డ, నా కోడలి మొహం కాదు. ఎర్రదా, నీలందా?”

“నీలందే ఇయ్యి” అనింది ఆవిడ. తర్వాత నా వైపు కాకుండా గుడ్డ వైపే చూస్తా, “ఏ డాక్టరు దగ్గర?” అని అడిగింది. ఎవురి కోసమో చెప్పలేదు.

“పోయి అట్టా నడిచిరా” అనింది మా అత్త నాతో. “ఈడ నిలబడి నన్ను చూస్తే నాకూ దడ పుట్టేటట్టుండాది. చెప్పులేసుకోని పో.”

రోడ్డు వెంబడి నడిచినాను. బూడిద లారీలు టార్పాలిన్లు కొట్టుకుంటా పోతా ఉండాయి. దడ ఉండనే ఉంది, నాతోపాటే నడిచింది. రొయ్యల గుంతల దాకా పోయి నిలబడినాను. ఇంకా ముందరికి పోవాలని ఒక పక్క, వెనక్కి పోవాలని ఒక పక్క. ఎవురూ చెప్పకుండానే రొమ్ములు బరువెక్కి జాకెట్టు తడిసింది. వాడికి ఆకలేసే వేళ. పైట సర్దుకోని ఇంటి వైపు తిరిగినాను, వచ్చినప్పటికన్నా జోరుగా.